పడవ ముక్కున నిమ్మకాయ

"సాయంత్రం ఆరుకు గాలింపు ఆపేస్తారు మేడమ్. ఆపినాక నేను రాసేది ఒకటే మాట, సముద్రంలో గల్లంతు," అన్నాడు సీఐ బాలచంద్ర. జీపు బానెట్ మీద కాగితాలు పరిచి, గాలికి ఎగరకుండా లాఠీ అడ్డంగా పెట్టాడు. "మీరు ఈడ నిలబడి ఎండకు మాడేది తప్ప ఒరిగేదేమీ లేదు."

"ఇప్పుడు పన్నెండే కదా సార్ అయింది. ఆరు దాకా నా ఎండ నాది," అన్నాను.

"పెండ్లి సంబంధాలు విచారించేవాళ్లకు సముద్రం కాడ ఏం పనో నాకైతే అర్థం కాలేదు."

"అర్థం కాకపోతే చూస్తూ ఉండండి."

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. బాలచంద్ర ఆ నవ్వును చూశాడు, ఆ పాపం నా ఖాతాలో వేశాడు. వేయనీ.

నా పేరు పంకజాక్షి. పోలీసు వేలిముద్రల విభాగంలో చాలా ఏళ్లు చేసి, పై అధికారితో పడక బయటికొచ్చాను. ఇప్పుడు తిరుపతి బస్టాండు వెనక సందులో ఒక గది, గదికో బోర్డు. పెళ్లికొడుకు చెప్పుకునే ఉద్యోగం నిజమా కాదా, లాడ్జిలోంచి తప్పిపోయిన పెద్దాయన ఏ బస్సెక్కాడు, ఇవే నా కేసులు. ఇందులో నాకు సిగ్గేమీ లేదు. మనిషి అబద్ధం ఎక్కడ మొదలుపెడతాడో పెళ్లి సంబంధాలు నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు.

మాకు ఎదురుగా, పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఇసకతిన్నె మీద ఒక పక్కకు ఒరిగి పడుంది ఆ తెరచాప పడవ. దాని పేరు 'గంగమ్మ'. ఆస్ట్రేలియా రేవు ఒకదాన్నుంచి బయల్దేరి, ఇండోనేషియా దీవుల మీదుగా పోర్ట్ బ్లెయిర్ చేరి, అక్కడి నుంచి చెన్నైకి రావలసిన పడవ. అన్ని వేల మైళ్లూ దాన్ని ఒంటరిగా నడిపింది సుజన. చిత్తూరు దగ్గర పాలవ్యాపారం చేసుకునే ఇంటి పిల్ల. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా సముద్రం మొహమే చూడలేదు. చూసిన రోజు నుంచి ఇంకో దాని మొహం చూడలేదు.

పోయిన గురువారం ఆమె ఉపగ్రహం ఫోన్‌లో తల్లితో మాట్లాడింది. గాలి బాగుంది, రెండు రోజుల్లో గట్టు కనబడుతుంది అని చెప్పింది. అదే ఆఖరు మాట. మంగళవారం తెల్లవారేసరికి పడవ ఇక్కడ తేలింది, అందులో మనిషి లేదు. ఈ రోజు బుధవారం.

సుజన తల్లి శకుంతలమ్మ వలలు ఆరేసిన పందిరి కింద, కొంగు బిగించి కూర్చుని ఉంది. కబురు తెలియగానే బంధువులు ఇంటి ముందు షామియానా వేయించేశారట. ఆమె గుంజలు పీకించి, వేసినవాళ్లను వాకిట్లోంచి వెళ్లగొట్టి, నేరుగా నా ఆఫీసుకు వచ్చింది. "నా బిడ్డ సచ్చిందని ఎవురు జెప్పినారు? సముద్రం జెప్పిందా? సూపించు," అంది నాతో. బిడ్డ బతికుందని ఆమె అనలేదు. చచ్చిందని చెప్పే హక్కు ఎవరికీ ఇవ్వనంది. ఆ మాటకే నేను కేసు ఒప్పుకున్నాను.

మమ్మల్ని కారులో తీసుకొచ్చింది ఆమె పెద్దల్లుడు ధనశేఖర్. చిత్తూరు అవతల మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది ఆయనకు. మరదలికి ఆ పడవ కొనిపెట్టింది కూడా ఆయనే. తిరుపతి నుంచి సూళ్లూరుపేట దాకా, ముందద్దం దగ్గర ఊగే దిష్టి నిమ్మకాయనూ, ఆయన ఓదార్పు మాటల్నీ భరిస్తూ వచ్చాను. "మనసు గట్టి చేసుకో అత్తా" అని దారిపొడుగునా ఒకటే పాట. ఆమె ఒక్కసారీ ఊఁ కొట్టలేదు.

"ఆమె దగ్గర బీకన్ ఉండాలి కదా సార్," అని అడిగాను బాలచంద్రను. ఆపదలో నొక్కితే ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న డబ్బా అది. సముద్రం మీద పోయేవాళ్లు లైఫ్‌జాకెట్ జేబులో పెట్టుకుంటారు.

"ఆ కథ చెప్తా వినండి," అన్నాడు ఆయన, హుషారు తెచ్చుకుని. ధనశేఖర్ కూడా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "నిన్న పొద్దున రవ్వంతసేపు మోగిందంట. మోగి ఆగిపోయిందంట. ఉపగ్రహం ఏం చెప్పిందో తెలుసునా? మనిషి రెండు చోట్ల ఉండాదంట. ఒకటి సముద్రం నడిమధ్యలో, ఇంకోటి చిత్తూరు అవతల మామిడితోపుల్లో."

"రెండు చోట్లా?"

"దాని పద్ధతే అంతంట. ఒకే ఉపగ్రహం, ఒక్కతూరి పట్టుకుంటే, ఈ పక్క ఒకటి ఆ పక్క ఒకటి సూపిస్తాదంట. ఒకటి నిజం, రెండోది నీడ. ఇంకోతూరి మోగితే గాని యాది నిజమో తేలదంట. పడవలో పోయిన మనిషిని మామిడితోపులో ఎవడన్నా వెతుకుతాడా? సముద్రంలోనే గాలిస్తా ఉండారు." బాలచంద్ర పెద్దగా నవ్వాడు.

ధనశేఖర్ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. తర్వాత ఫోన్ తీసి పక్కకు నడిచాడు. గాలి మా వైపుకే ఉండడంతో ఒక ముక్క వినబడింది. "ఆ లోడు ఈ పొద్దే పంపించేయండప్పా. రేపటిదాకా పెట్టుకోవద్దండి."

మామిడి సీజను కదా, ఆయన గొడవలు ఆయనవి అనుకున్నాను.

పడవను మొదట చూసిన లోకేష్ అనే జాలరిని పిలిపించారు. పాతికేళ్లుంటాయి. చేతులు వెనక్కి పెట్టుకుని, బాలచంద్ర వైపే చూస్తూ నిలబడ్డాడు.

"పడవ ఎక్కావా?" అని అడిగాను.

"లేదు మేడమ్. దూరం నుంచి చూసి ఫోన్ చేసినా."

"అదే కదమ్మా నాకూ చెప్పినాడు," అన్నాడు బాలచంద్ర.

నేను గట్టున కట్టేసి ఉన్న లోకేష్ బోటు దగ్గరికి నడిచాను. బోటు పాతది, రంగు పోయి పెచ్చులూడుతోంది. దాన్ని గుంజకు కట్టిన తాడు మాత్రం కొత్త పెళ్లికూతురిలా ఉంది. తెల్లది, ఎర్రచుక్కలది, బొటనవేలు లావున.

"ఈ తాడు ఏ అంగట్లో కొన్నావు నాయనా?"

అతను నేల చూశాడు.

"సూళ్లూరుపేటలోనా, నెల్లూరులోనా? అంగడి పేరు చెప్పు, పోయి అడిగొస్తాను."

"వెనక తట్టు నుంచి ఎక్కినా మేడమ్," అన్నాడు మెల్లగా. "మా ఓళ్లు మునిగిపోతాదంటే తాడొకటి తీసుకున్నా. అంతే. అమ్మతోడు ఇంకేం ముట్టుకోలేదు."

"తాడు సంగతి తర్వాత. ఎక్కినప్పుడు ఏం చూశావు?"

"ఎవరన్నా ఉండారా అని అరిచినా. పలకలేదు. పెద్ద తెరచాపను గడ్డిమోపు మాదిరి అడ్డదిడ్డంగా చుట్టి కట్టుండారు. ఇంజను మూత మీద చెయ్యేసినా, ఎచ్చగా ఉన్నింది."

"వెచ్చగానా?"

"ఆ. అప్పుడే ఆపినట్టు."

బాలచంద్ర మొహం ఎర్రబడింది. "ఒరేయ్, నాకెందుకు చెప్పలేదురా ఇది?"

"ఎక్కినావా అని అడిగినారు సార్. లేదన్నా. మీరు సరే అన్నారు."

"దీంతో తేలేదేముంది?" అని నా వైపు తిరిగాడు ఆయన. "ఇంజను మీద ఆమే వచ్చింది. చీకట్లో ఇసకకు తగిలింది, ఆ ఊపుకు ఎగిరి నీళ్లలో పడింది. పోటుకు కొట్టుకుపోయింది. పొద్దున బీకన్ నొక్కింది, మునిగిపోయింది. నా లెక్క సరిపోయింది మేడమ్."

లెక్క నిజంగానే బాగుంది. అదే నాకు నచ్చలేదు.

"చెన్నైకి పోవలసిన మనిషి చీకట్లో ఈ మొగ దగ్గరికి ఎందుకొచ్చింది సార్? ఆమె దగ్గర సముద్రం పటాలు లేవా, ఇక్కడ ఇసకతిన్నెలున్నాయని తెలియదా? ఎవరో రమ్మంటే తప్ప ఇటు తిప్పదు."

"ఎవరు రమ్మంటారు?"

"పడవ ఎక్కనిస్తే చెప్తాను."

"మా వాళ్లు చూసేసినారు. ఇంక ఎక్కేది లేదు. అది పోలీసు కస్టడీలో ఉన్న ఆస్తి."

ఇంతలో శకుంతలమ్మ లేచి వచ్చింది. ఆమె గొంతు పెంచలేదు. "నా బిడ్డ పడవ అది. దాంట్లోకి ఈయమ్మను పోనీకపోతే నేను పోతా. ఈదొచ్చా రాదా అని సూడను. నీళ్లల్లోకి దిగి నడుస్తా. నన్ను పట్టుకునేదానికి నీ కాడ ఆడపోలీసు ఉండాదా నాయనా?"

లేదు. బాలచంద్ర లాఠీ తీసి చంకలో పెట్టుకున్నాడు, కాగితాలు గాలికి పోయాయి. కానిస్టేబుల్ వాటి వెంట పరుగెత్తాడు. లోకేష్ బోటులో నేనూ బాలచంద్రా ఎక్కాం.

'గంగమ్మ' లోపల నేల ఏటవాలుగా ఉంది. ఒక చేత్తో పట్టుకోకుండా నిలబడలేం. మెట్లు దిగగానే కుడిచేతి పక్కన కొక్కేనికి లైఫ్‌జాకెట్ వేలాడుతోంది. దాని పట్టీలు చక్కగా మడిచి ఉన్నాయి. నడుముకూ పడవకూ కలిపి కట్టుకునే తాడు కూడా దాని పక్కనే, చుట్టచుట్టి ఉంది. జాకెట్ జేబు జిప్పు తీసి ఉంది. లోపల బీకన్ లేదు.

"సార్, ఇటు చూడండి. ఆమె నీళ్లలో పడిందన్నారు. పడేముందు జాకెట్ విప్పి, జిప్పు తీసి, బీకన్ ఒక్కటి బయటికి తీసుకుని, జాకెట్‌ను మడిచి కొక్కేనికి తగిలించి, అప్పుడు పడిందా?"

ఆయన జాకెట్‌ను అటూ ఇటూ తిప్పాడు. "జాకెట్ వేసుకోకుండా, బీకన్ జేబులో పెట్టుకుని పైకి పోయుంటాది."

"అలల మీద ఒంటరిగా నెలలు గడిపిన మనిషి నడుముకు తాడు లేకుండా పైకి పోదు. తాడు తీసిందంటే ఇక పడే భయం లేని చోటికి వచ్చిందని. గట్టు మీదికి దిగబోతోందని. తెలిసినవాళ్లే ఎవరో దించుకోడానికి వచ్చారు. వచ్చినవాళ్లను చూసి ఏదో తేడా అనిపించింది ఆమెకు. జాకెట్ ఇక్కడే వదిలేసి, బీకన్ ఒంటి మీద దాచుకుంది."

"కథలు బాగా చెప్తారు మీరు."

"మీదీ కథే కదా సార్. నా కథకు జాకెట్ సాక్ష్యం ఉంది."

నేను మోకాళ్ల మీద కూర్చుని నేల చూశాను. పరుపులన్నీ ఒక మూలకు తోసి ఉన్నాయి. తినే బల్లకు బోల్టులు విప్పి, దాన్ని గోడకు ఆనించారు. నేల చెక్క మీద పొడుగూతా గీతలు, బరువైనవి ఏవో ఈడ్చినట్టు. ఒక పలక కొంచెం పైకి లేచి ఉంటే గోరుతో ఎత్తాను. కింద తడిలో రవ్వంత చెక్క పేడు ఇరుక్కుని ఉంది. తీసి అరచేతిలో పెట్టుకున్నాను. ముదురు ఎరుపు.

"పడవ చెక్కే," అన్నాడు బాలచంద్ర. కానీ గొంతు మారింది.

"తిరుపతి జిల్లాలో ఉద్యోగం చేస్తున్నారు సార్. ఈ రంగు మీకు నేను చెప్పాలా?"

ఆయన పేడును వేళ్లతో నలిపి, వాసన చూసి, కిటికీ వెలుతురుకు పట్టాడు. శేషాచలం కొండల కింద పుట్టి పెరిగినవాళ్లకు ఎర్రచందనం గుర్తుపట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు. దాన్ని జేబురుమాలులో చుట్టుకుని, మొదటిసారి నన్ను మనిషిని చూసినట్టు చూశాడు.

"ఆమే దొంగసరుకు రవాణా చేసిందంటే?" అన్నాడు.

"బయటి దేశాల నుంచి ఇక్కడికి వస్తున్న పడవ సార్ ఇది. ఎర్రచందనం ఇక్కడి నుంచి పోతుంది గాని ఇక్కడికి రాదు. పదండి, పైకి పోదాం. ఇంకొకటి చూడాలి."

ఏటవాలు పలకల మీద పట్టుకుంటూ పడవ ముక్కు దాకా నడిచాం. అక్కడి ఇనుప కమ్మీకి కట్టి ఉంది, నేను గట్టు మీద నుంచే చూసింది. ఒక నిమ్మకాయ, దాని కింద వరసగా పచ్చిమిరపకాయలు, అడుగున నల్లజీడి గింజ. నేను చెయ్యి చాచాను.

"ముట్టుకోవద్దండి," అన్నాడు బాలచంద్ర గభాలున. "దిష్టిది."

కింద బోటులోంచి లోకేష్ కూడా తల ఎత్తాడు. "వద్దు మేడమ్. దాన్ని చూసే నేను ఈ తట్టుకు రాలేదు."

"అందుకే ఇది ఇంకా ఇక్కడుంది. మీవాళ్లు పడవంతా వెతికారు, దీన్ని మాత్రం ఎవరూ తాకలేదు. ఒకరి దిష్టి ఒకరికి తగులుతుందని." నేను దాన్ని ఒక్క గుంజు గుంజి తీశాను. "తగిలితే నాకే తగలనీ. నాకు లేని దిష్టి ఏముంది."

నిమ్మకాయ ఇంకా మెత్తగా, రసంతో ఉంది. మిరపకాయలు వాడాయి గాని పచ్చదనం పోలేదు.

"ఆమె పోర్ట్ బ్లెయిర్ వదిలి వారం దాటింది. వారం పాటు ఉప్పునీళ్లు కొట్టిన పడవ ముక్కు మీద మిరపకాయ ఇంత పచ్చగా ఉంటుందా సార్? నేను పొద్దున వాళ్లమ్మను అడిగాను. మొదట బయల్దేరినప్పుడు నిమ్మకాయ కట్టమని తను బతిమాలితే, 'సముద్రానికి లంచమా అమ్మా' అని నవ్వి ఒప్పుకోలేదంట సుజన. ఇది ఆమె కట్టింది కాదు. ఆదివారమో సోమవారమో, గట్టు మీద, వేరే ఎవరో కట్టారు."

"నేను కూడా చూసినా దీన్ని," అన్నాడు బాలచంద్ర మెల్లగా. "బండి అన్నాక నిమ్మకాయ ఉండదా అని ఊరకే ఉండిపోయినా."

"కట్టినవాడూ అలాగే అనుకున్నాడు. మనవాళ్లు కొత్త బండి కొన్నా, పాత బండి రిపేరు చేయించినా, దూరం బయల్దేరినా ముందు దిష్టి తీస్తారు. దొంగసరుకు ఎక్కించిన లారీకి కూడా నిమ్మకాయ లేకుండా తాళం తిప్పరు. చాప చుట్టిన తీరే చెబుతోంది, ఈ పడవలో దుంగలు నింపినవాడికి సముద్రం కొత్త. భయమేసింది. చెయ్యి తనంతట తానే నిమ్మకాయ కోసం పోయింది. సరుకు నడిసముద్రంలో ఏ ఓడకో అందించి, మనుషులు ఇంజను మీద తిరిగొస్తూ ఇసకలో ఇరుక్కుని, పడవ వదిలేసి పారిపోయారు. ఈ పడవ ఆఖరిసారి బయల్దేరింది మన గట్టు నుంచే సార్. ఆమె సముద్రంలో పోలేదు."

"అయితే యాడ ఉండాది?"

ఆ ప్రశ్న అడుగుతూనే ఆయన నోరు అలాగే ఉండిపోయింది. రెండు చోట్లు. ఒకటి నిజం, ఒకటి నీడ. ఇందాక తను నవ్విన నవ్వు తనకే గుర్తొచ్చినట్టుంది. నేను గుర్తు చేయలేదు.

నేను చేతిలోని నిమ్మకాయనే చూస్తున్నాను. దాన్ని గుచ్చింది దారంతో కాదు. అట్టపెట్టెలకు బిగించే నీలం ప్లాస్టిక్ పట్టీని సన్నగా చీల్చి, రెండు ముళ్లు వేసి కట్టారు. ఈ నీలం నా కళ్ల ముందు ఇప్పటికే చాలాసేపు ఊగింది. ఎక్కడో తట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"బోటు తిప్పు లోకేష్," అన్నాను. "గట్టుకు, తొందరగా."

గట్టున జీపు ఉంది. శకుంతలమ్మ ఉంది. కారు లేదు.

"మీ అల్లుడేడమ్మా?"

"మీరట్ల నీళ్లల్లోకి పోతానే పోయినాడు. పాక్టరీలో అర్జంటంట. నన్ను ఈ పోలీసోళ్లు ఇంటికాడ దించుతారులే అన్నాడు."

నేను చెయ్యి చాపి నిమ్మకాయ చూపించాను. ఆమె దిష్టి అని వెనక్కి పోలేదు. వంగి చూసింది.

"కారులో ఇలాంటిదే వేలాడుతోంది కదా. అది ఎవరు కట్టారు?"

"మా అల్లుడే. కారుకు, లారీలకు, అన్నిటికీ తనే కడతాడు. ఇంకొకరి చెయ్యి నమ్మడు. దారమైతే తెగిపోతాదని, పాక్టరీలో పెట్టెలకు సుట్టే నీలంది సీల్చి..." ఆమె ఆగింది. నా చేతిలోని నీలం పట్టీని రెండు వేళ్లతో పట్టుకుంది. "ఇది యాడిది?"

"సుజన పడవ ముక్కుకు కట్టి ఉందమ్మా."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నీ పేరు నాకు జెప్పింది కూడా వాడే," అంది. "పెండ్లి సంబంధాలు సూసే ఆమె, ఆడమనిషి, నీకు తోడుగా ఉంటాదిలే అన్నాడు."

ఒళ్లంతా మండింది నాకు. బాలచంద్ర పొద్దున్నుంచి అన్న మాటలేవీ నాకు తగల్లేదు, ఇది తగిలింది. నా చేత కాదని నమ్మి నన్ను ఎంచుకున్నాడు. తన చేత్తో తనే తెచ్చి ఈ గట్టున దించాడు. పైగా దిగులుపడొద్దని దారంతా మాకు ధైర్యం చెప్పాడు.

"సార్, ఇందాక మీరు చిత్తూరు మామిడితోపులని నవ్వారు కదా. పక్కన ఎవరున్నారు?"

"ధనశేఖర్."

"నవ్వి, పక్కకు పోయి ఫోన్‌లో ఏమన్నాడో మీరు వినలేదు. నేను విని కూడా వినలేదు. ఆ లోడు ఈ పొద్దే పంపించేయండి, రేపటిదాకా పెట్టుకోవద్దండి. అది గుజ్జు లోడు కాదు సార్, సుజన."

బాలచంద్ర జీపు తలుపు తీసి వైర్‌లెస్ అందుకోబోయాడు. ఇంతలో ఆయన ఫోన్ మోగింది. గాలింపు చూస్తున్న ఆఫీసు నుంచి. ఆయన వింటున్నకొద్దీ మొహంలో రంగు మారుతోంది. నేను ఆయన పెదాలనే చూస్తూ నిలబడ్డాను. శకుంతలమ్మ నా మణికట్టు పట్టుకుంది, గాజులు నొక్కుకునేంత గట్టిగా.

"బీకన్ మళ్లీ మోగతా ఉండాదంట," అన్నాడు ఆయన, ఫోన్ చెవిదగ్గరే పెట్టుకుని. "ఈ తూరి రెండు ఉపగ్రహాలు పట్టినాయి. సముద్రంలోది నీడంట. చిత్తూరుదే నిజం."

"అంటే నొక్కడానికి చెయ్యి ఉంది సార్. బతికే ఉంది."

"ఆగండి మేడమ్." ఆయన గొంతు తగ్గింది. "అది ఒకచోట లేదు. కదలతా ఉండాది. వేలూరు రోడ్డు పట్టింది. ఇంకాసేపట్లో తమిళనాడులోకి పోతాది. బార్డరు దాటినాక నేను ఆపమంటే ఆపేవాడు ఎవడూ ఉండడు."

బానెట్ మీద, కానిస్టేబుల్ ఏరుకొచ్చిన కాగితాల్లో పైది, 'సముద్రంలో గల్లంతు' అని సగం రాసి ఉంది. బాలచంద్ర దాన్ని తీసి, నలిపి, జేబులో పెట్టుకున్నాడు. "చెక్‌పోస్టులో మావాడు ఒకడుండాడు. వాడు నా మాట వింటాడో లేదో," అన్నాడు.

అప్పటికే శకుంతలమ్మ నా చెయ్యి వదిలేసి జీపు ముందు సీటులో ఎక్కి కూర్చుంది. చీరకొంగు నడుముకు బిగించి, తలుపు తనే వేసుకుంది.

"నా బిడ్డ ఇంకా దోవ సూపిస్తా ఉండాది," అంది. "మీరు బండి తోలండి."